గల్మ కాడి పాట

ఫోన్ మోగితే లోపలికి వెళ్తాను. మోగకపోతే వెళ్లను. ఈ నియమం పెట్టింది నేనే. మేడ్చల్ మందిరంలో, ఆదివారం ఆరాధనలో, అందరూ వింటుండగా మైకులో చెప్పాను. ఏ ఊరు ఏ సంఘ పెద్దకు అప్పగిస్తే వాళ్లే ఆ ఊరి ఇళ్లకు కాపరి, వాళ్లు పిలిస్తే తప్ప నేను ఆ గడప తొక్కను అని. ఎవరో గట్టిగా ఆమెన్ అన్నారు. ఎవరన్నారో గానీ, ఇప్పుడు వచ్చి నా పక్కన ఈ పంక్చరు షాపు బెంచీ మీద కూర్చుంటే బాగుండేది. రోడ్డుకు అవతల నీలం తలుపు సగం తెరిచి ఉంది. గుమ్మం ముందు చెప్పుల కుప్ప. లోపల బాలమణమ్మ చనిపోతోంది. ఆమె తల దగ్గర ఈ ఊరి సంఘ పెద్ద పద్మజ కూర్చుని ఉంటుంది, ఒడిలో బైబిలు పెట్టుకుని. పొద్దున పద్మజ పెద్దలందరికీ పంపిన మెసేజ్ ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "బాలమణమ్మకు సీరియస్‌గా ఉంది. నేను శామీర్‌పేటలోనే ఉన్న. ప్రార్థించండి." ప్రార్థించండి అంది. రండి అనలేదు. ఇంట్లో ప్రార్థిస్తే దేవుడు వినడా? వింటాడు. అయినా స్కూటర్ తీశాను. టార్పాలిన్ కొనుక్కొస్తానని మా ఆమెతో చెప్పాను. "టార్పాలిన్లు శామీర్‌పేటల దొరుకుతయా?" అంది, కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా. నేను శామీర్‌పేట పేరే ఎత్తలేదు.

"సార్, పంక్చరైతే లేదు." షాపు ధర్మేందర్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. "బుడగ ఒక్కటి గూడ వస్తలేదు. ఎవడో కావాలని గాలి దీసిండు." పోరగాళ్లయి ఉంటరు అన్నాను. "ఏ పోరగాళ్లు సార్? గీ టైంల అందరు బడిల ఉంటరు." మలుపు దగ్గర, కరెంటు డబ్బా చాటున, అటూ ఇటూ చూసి పుల్లతో గాలి తీసింది నేనే. తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు, నెరిసిన జుట్టు, చక్రం ముందు మోకాళ్ల మీద. చూసినవాళ్లు ఎవరైనా ప్రార్థన చేస్తున్నాననుకునేవారు. ఈ ఇంటి ఎదురుగా కూర్చోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకలేదు. "మల్ల ఒక్కసారి సూడు. నిమ్మళంగ సూడు, నాకేం తొందర లేదు." ధర్మేందర్ నన్ను ఎగాదిగా చూశాడు. "మీకు లేదు గని నాకున్నది సార్. మీరు చర్చి సారే కదా? గా అవ్వ కోసం వచ్చిండ్రా? మరి లోపటికి పోరాదుండ్రి." పిలవాలె, అన్నాను. అతను ట్యూబు వదిలేసి నవ్వాడు. "సావు కాడికి పిలిచేదేంది సార్, పెండ్లా?"

పెండ్లా అన్నాడు. నిజమే, చావుకు పిలుపు ఉండదు. కానీ నన్ను అన్నిటికీ పిలిచేవారు. నా ఫోన్ అప్పుడు చల్లారేది కాదు. అయ్యగారూ, పాపకు జ్వరం. అయ్యగారూ, కొత్త ఆటో తెచ్చినం, జర వచ్చి ప్రార్థన చేయండి. అయ్యగారూ, బోరు వేస్తున్నం, నీళ్లు వడాలె. అయ్యగారూ, మా ఆయన తాగొచ్చి కొడుతుండు, మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. కుత్బుల్లాపూర్ నుంచి జవహర్‌నగర్, జవహర్‌నగర్ నుంచి సూరారం, మధ్యలో ఎక్కడో ఒక దగ్గర పెట్రోలు, ఎక్కడో ఒక దగ్గర అన్నం. సుధాకర్ అని నాకొక పేరుందని ఆధార్ కార్డు చూస్తే గానీ గుర్తొచ్చేది కాదు. ఏ ఇంటికి వెళ్లినా గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు లేచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ లాగేవారు. ఆ కాళ్లు గచ్చు మీద రాసుకునే చప్పుడు. ఆ చప్పుడు కోసం ఇప్పుడు నా చెవులు ఎంతగా తహతహలాడుతున్నాయో ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆ రోజుల్లో విసుక్కునేవాణ్ణి, అలసిపోయానని పడుకునేటప్పుడు ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టేవాణ్ణి. ఇప్పుడది అరచేతిలో ఉంది, నల్లగా, నున్నగా, మూగగా. చార్జింగ్ ఉంది. సిగ్నల్ ఉంది. రెండూ మళ్లీ చూశాను.

తలుపు దగ్గర ఎవరో కదిలారు. కాదు, పరదా. శామీర్‌పేట చెరువు మీది గాలి ఇక్కడి దాకా వస్తుంది, చేపల వాసనతో, రోడ్డు పక్క మక్క కంకులు కాల్చే పొగతో. ఈ ఇంటి వెనకాల తెల్లటి ప్రహరీ గోడ ఉంది చూశారూ, వెంచర్ వాళ్లది, గేటుకు సింహాల బొమ్మలు, అక్కడంతా ఒకప్పుడు ద్రాక్ష తోట. బాలమణమ్మ అందులో కూలికి వెళ్లేది. నేను బైబిలు ట్రైనింగు ముగించుకుని, సైకిలు మీద, ఎవరింటి తలుపు కొట్టాలో తెలియకుండా తిరుగుతున్న రోజులు. ఈ నీలం తలుపు అప్పుడు రేకు తలుపు. మొదటి ప్రార్థన కూడిక ఈ ఒక్క గదిలో. వచ్చింది ఆమె, ఆమె భర్త, ఒక మేక. ప్రభు బల్లకు రొట్టె నేను తెస్తే ద్రాక్షరసం ఆమె చేసేది. రాలిన గుత్తులు ఏరి, మరిగించి, పాత చీర కొంగులో వడకట్టి. మొదటిసారి గుటక వేసి మొహం చిట్లించాను. "పులుపున్నదా బిడ్డ? ప్రభువు రక్తం మరి తియ్యగ ఉంటదా?" అంది. ఇప్పుడు సీసాల్లో కొంటున్నాం. చక్కెర ఎక్కువ. ప్రతి నెలా ఆ తీపి నాలుక మీద పడగానే నాకు ఈ గది గుర్తొస్తుంది, పులుపు కోసం నోట్లో నీళ్లూరతాయి.

నలుగురిలో నన్ను పాస్టరయ్యా అనేది. ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేది. మా అమ్మ పోయినప్పుడు మేడ్చల్ సమాధుల తోటలో వాక్యం చదివింది నేనే, ప్రార్థన చేసింది నేనే. ఇంకెవరు చేస్తారు? పాస్టరు తల్లికి పాస్టరే. ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో గొడుగు, వాన పడుతోంది. అందరూ తలా ఇంత మన్ను వేసి పక్కకు తప్పుకుంటున్నారు. నేను చదువుతూనే ఉన్నాను. నా కళ్లలో నీళ్లు రాలేదు, వాక్యం తప్పు పోతుందేమోనన్న భయం తప్ప ఇంకేం లేదు. అప్పుడు బాలమణమ్మ వచ్చి నా చేతిలోంచి బైబిలు లాక్కుంది. లాక్కుంది అనే అనాలి. "గీ పుస్తకం నాకియ్యి. మన్ను వెయ్యి బిడ్డ. నీ తల్లి గామె." వంగి తడి మన్ను పిడికిట్లోకి తీసుకున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. తిరిగి వస్తూ దారిలో అంది, "నా మీద గూడ నీ చేతి మన్నే వడాలె. మాటియ్యి." ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు ఈ బెంచీ మీద నా పక్కన కూర్చుని ఉంది, ఆమెన్ అన్నవాడు రాకపోయినా.

ఇంత ప్రేమ ఉన్న మనిషే పద్మజను ఒప్పుకోలేదు. సూరారంలో మా సంఘం కుర్రాడు నాగసాయి వాళ్ల నాన్న పోయిన రోజు గుర్తుకు రాకుండా ఈ రోడ్డు దాటలేను. ఫ్యాక్టరీలో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మనిషి. నేను జవహర్‌నగర్‌లో ఒక సమాధి కార్యక్రమంలో ఉన్నాను. పద్మజ, బాలమణమ్మ ముందే చేరుకున్నారు. పద్మజ అప్పటికే సంఘ పెద్ద. మాత్రల కంపెనీలో షిఫ్టు దిగి, నీలం కోటు బ్యాగులో కుక్కుకుని పరుగెత్తిందట. మంచం పక్కన బైబిలు తెరిచింది. నాగసాయి వాళ్ల చిన్నాన్న చేయి అడ్డం పెట్టాడు. పాస్టరయ్య బయల్దేరిండు, ఆగుండ్రి. నేను కొంపల్లి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని హారన్ కొడుతున్నాను. వెళ్లేసరికి అయిపోయింది. పాట లేదు, ప్రార్థన లేదు, మనిషి పోయాడు. గదినిండా జనం నోళ్లు మూసుకుని కూర్చున్నారు. "మీ కోసమే ఆపినం అయ్యా, మీరొచ్చేదాక ఎవ్వర్ని నోరు తెరవనియ్యలే," అన్నాడు చిన్నాన్న, గర్వంగా, గౌరవంగా. అతిథి కోసం అన్నం వండి మూత పెట్టి ఉంచినట్టు ప్రార్థనకు మూత పెట్టి ఉంచారు. బాలమణమ్మ ఆ మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ ఆదివారమే నేను మైకు పట్టుకున్నాను. సూరారం ఒకరికి, జవహర్‌నగర్ ఒకరికి, మేడ్చల్ ఒకరికి, శామీర్‌పేట పద్మజకు. నేను మందిరంలో వాక్యం చెబుతాను, పెద్దలకు నేర్పుతాను. మంచాల దగ్గర వాళ్లు.

చెప్పడం తేలిక. ఆ నెల ప్రభు బల్లకు రెండు వరసలు పెట్టాను. ఒక వరసకు నా చేతిలో పళ్లెం, ఒక వరసకు పద్మజ చేతిలో. పద్మజ వరస కదిలింది. అంటే ముందుకు కాదు, పక్కకు. ఒక్కొక్కరే లేచి నా వరసలో చేరారు. అందరికంటే ముందు లేచింది బాలమణమ్మ. పద్మజ నిండు పళ్లెం పట్టుకుని, ఎదురుగా ఖాళీ చాప చూస్తూ, అలాగే నిలబడింది. ఆరాధన అయ్యాక "ఏం తల్లీ, బాధయిందా?" అని అడిగితే, "చేతులు గుంజినయ్ అయ్యా, అంతే," అంది. తర్వాతి నెల ఇద్దరు మిగిలారు. ఆ తర్వాత కొందరు. బాలమణమ్మ మాత్రం నా వరసే. మంచం పట్టేదాకా నా వరసే. అలాంటి మనిషి ఇప్పుడు నన్ను అడగకుండా ఉంటుందా? అడిగే ఉంటుంది. బిడ్డ ఏడి అనే ఉంటుంది. మరి పద్మజ ఎందుకు ఫోన్ చేయలేదు? ఖాళీ చాప గుర్తొచ్చిందా? ఛీ, ఆ పిల్ల అలాంటిది కాదు. కాదని నాకెలా తెలుసు? నేనైతే చేసేవాణ్ణా? ఈ ఇంట్లోకి ఇప్పుడు నేను నడిచి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఎర్ర కుర్చీ చప్పుడవుతుంది. పద్మజ లేచి నిలబడుతుంది. బైబిలు మూస్తుంది. ఇక ఈ ఊళ్లో ఏ మంచం పక్కనా ఆమెను కూర్చోనివ్వరు, పెద్ద ప్రాణానికి పాస్టరే రావాలె కదా అంటారు, మళ్లీ సూరారమే, మళ్లీ మూతలే. వెళ్లకపోతే? ఆ కళ్లు ఇంకొక్కసారి చూడను. ఆ బిడ్డా అన్న మాట ఇంకెవరి నోటా వినను. అంతే. లెక్క ఇంతే. అటు ఒక ఊరి రేపు, ఇటు నా ఒక్కడి మధ్యాహ్నం. అయినా తూకం నా వైపే వంగుతోంది. లేచాను. లేచి నిలబడ్డాను, నిజంగానే.

నీలం తలుపులోంచి కమలాబాయి బయటికి వచ్చింది. బాలమణమ్మ కోడలు. కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులతో ఒక స్టీలు గ్లాసు పట్టుకుని, అటూ ఇటూ చూసి, తిన్నగా రోడ్డు దాటి నా దగ్గరికే వచ్చింది. ఆశ్చర్యపోలేదు. నమస్కారమైనా పెట్టకుండా గ్లాసు చేతిలో పెట్టింది. చాయ్. వేడిగా ఉంది.

"నేనిక్కడున్నట్టు ఎట్ల తెలుసమ్మా?"

"నాకేడ తెలుసు అయ్యగారూ? మా అత్త జెప్పింది. పొద్దుగాల జర మాటొచ్చినప్పుడు. వాడు ఊకోడు, ఏదో సాకు వెట్టుకొని బయటనే ఏడనో కూసుంటడు, సూసి చాయ్ ఇయ్యుండ్రి అన్నది." ధర్మేందర్ గట్టిగా దగ్గాడు. నేను అతని వైపు చూడలేదు.

"నన్ను అడిగిందా?"

కమలాబాయి కొంగుతో మొహం తుడుచుకుంది. "పద్మజక్క రెండుసార్లు ఫోన్ దీసింది అయ్యగారూ. అత్తనే వద్దన్నది. సూరారంల గాయిన పానం పొయ్యేటప్పుడు గల్మ దిక్కే సూస్కుంట పోయిండంట. పాస్టర్ వస్తుండా, వస్తుండా అని. పాట లేకపాయె, మాట లేకపాయె. నాకు పాస్టర్ వద్దు, పాట గావాలె అన్నది. వాడొస్తే అందరు వాని మొఖమే సూస్తరు, గీ పోరి నోరు మూస్కుంటది అన్నది." వెనక్కి తిరగబోయి అంది, "ఇంకోటి గూడ అన్నది. మన్ను సంగతి యాదికున్నదా అడుగు అన్నది. ఏం మన్నో నాకు సమజ్ గాలే."

ఉన్నదని చెప్పు, అన్నాను. అలా అన్నాననే అనుకుంటున్నాను. కమలాబాయి రోడ్డు దాటి వెళ్లిపోయింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. చాయ్‌లో అల్లం ఎక్కువైంది, ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే. అడగలేదు. నన్ను అడగలేదు. నేను వస్తానని తెలిసి, బయట కూర్చుంటానని తెలిసి, సాకు కూడా తెలిసి, అడగలేదు. ఆ మూల గోడకు ఆనుకుని ఆరోజు ఏం చూసిందో ఇప్పుడు చెప్పింది. ఇన్నాళ్లూ నా వరసలో కూర్చుంటూనే దాన్ని కడుపులో దాచుకుంది. వెళ్లిపోయేటప్పుడు మాత్రం పద్మజ వరసలోకి మారింది.

పాట మొదలైంది. ఆమె పాటే, తోటలో గుత్తులు కోస్తూ కట్టుకున్నది. ఏ పుస్తకంలోనూ లేదు. ఒకరు అడగాలి, మిగతావాళ్లు జవాబు చెప్పాలి. గల్మ కాడ నిలవడ్డదెవరే? అని, గుమ్మంలో నిలబడ్డది ఎవరని, అడగాలి. నన్ను తోలుకపోను వచ్చినోడే, అని చెప్పాలి. ఇన్నేళ్లూ అడిగింది నేను. ప్రతి సమాధి దగ్గర, ప్రతి మంచం దగ్గర. ఇప్పుడు పద్మజ అడుగుతోంది, సన్నటి గొంతు, కాస్త పైస్థాయిలో ఎత్తుకుంది, ఇబ్బంది పడుతుంది. గదినిండా ఆడవాళ్లు జవాబు చెబుతున్నారు. ఒక చరణం. రెండో చరణం. మూడోది ఎత్తుకుంది, గల్మ కాడ నిలవడ్డదె, అని ఆగిపోయింది.

ఆగిపోయింది. ఏడుస్తోందా? లోపల ఏమైంది? ఎవరూ అందుకోవడం లేదు. మిగిలిన సగం నా నోట్లోకి వచ్చేసింది, పళ్ల వెనక నిలబడింది. వదిలితే చాలు. ఇక్కణ్ణుంచి ఎత్తినా ఆ గది నిండుతుంది, నా గొంతు అలాంటిది, మైకు లేని రోజుల్లో తయారైన గొంతు. కానీ అందరి తలలూ గుమ్మం వైపు తిరుగుతాయి. ఆమె తల కూడా తిరుగుతుందేమో. పాస్టరయ్య వచ్చిండు. కరీంనగర్ వైపు వెళ్లే లారీ ఒకటి పెద్ద హారన్‌తో దూసుకుపోయింది, దాని దుమ్ములో నీలం తలుపు మాయమైంది. పెదవులు బిగబట్టాను. గ్లాసు అంచు పళ్లకు తగిలింది. ఎత్తుకో తల్లీ. తగ్గించి ఎత్తుకో. దుమ్ము దిగింది. అవతల నుంచి, కింది స్థాయిలో, మళ్లీ మొదటి నుంచి, పద్మజ అడిగింది. గల్మ కాడ నిలవడ్డదెవరే?

నన్ను తోలుకపోను వచ్చినోడే, అన్నాను నేను. మెల్లగా, వాళ్లతో పాటు. ఈ జవాబు నేనెప్పుడూ పాడలేదని పాడాకే తెలిసింది. వాళ్లు జవాబు చెబుతున్నప్పుడు నేను ఊపిరి తీసుకునేవాణ్ణి, తర్వాతి చరణం కోసం. ఇది చివర్లో ఇలా కిందికి దిగుతుందని, దిగిన చోట కాసేపు కూర్చోవచ్చని నాకు తెలియదు. ధర్మేందర్ పంపు ఆపి నన్ను చూస్తున్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. చాయ్ చల్లారిపోయింది. ఇంకోసారి అడుగుతుందని చూశాను. అడగలేదు. ఈసారి పాట ఆగినట్టు లేదు, ముగిసినట్టు ఉంది.

అరచేతిలో ఫోన్ మోగింది.

"అయ్యగారూ." పద్మజ.

"చెప్పు తల్లీ."

"పోయింది. పాటల్నే పోయింది అయ్యా. ఏ చరణంలనో గూడ నాకు తెల్వలే." ముక్కు పీల్చుకుంది. "నేను మిమ్ముల పిలుస్తున్న. ఇగ రాండ్రి."

"వస్తున్న."

"రేపు సమాధి కాడ వాక్యం మీరే చెప్పాలె అయ్యా. అందరు గట్లనే అంటున్నరు."

"నువ్వే చెప్తవు."

"నన్ను చెప్పనిస్తరా?"

"నేనున్న కదా పక్కన. నేను మాత్రం చదవ. నాకు ఆడ వేరే పని ఉన్నది."

"ఏం పని అయ్యా?"

"మన్ను ఎయ్యాలె. పుస్తకం పట్టుకుంటె చెయ్యి ఖాళీగుండది."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. "సార్, బండి రెడీ. గాలి ఫుల్ గొట్టిన," అన్నాడు ధర్మేందర్, ఈసారి నవ్వకుండా. ఉండనియ్యి, జర లేటయితది అన్నాను. రోడ్డు దాటాను. చెప్పుల కుప్పలో చివరి జతగా నా చెప్పులు వదిలాను. లోపల ఎవరో ఎర్ర కుర్చీ లాగుతున్నారు, గచ్చు మీద ఆ చప్పుడు. వద్దమ్మా, అని చేత్తోనే చెప్పి, గల్మ పక్కన, ఆడవాళ్ల వెనకాల, చాప మీద కూలబడ్డాను. ముందు పద్మజ నిలబడి బైబిలు తెరుస్తోంది. నేను కుడి చేయి తెరిచి ఒళ్లో పెట్టుకుని, ఇక ఏడవడం మొదలుపెట్టాను.